ఒకే దారి, ఆరు ఋతువులు

బరంపురం నుంచి గోపాల్‌పూర్ వైపు వెళ్లే దారి మన ప్రాంతపు శ్రోతల్లో చాలామందికి తెలిసే ఉంటుంది. సముద్రం దగ్గరపడుతున్న కొద్దీ నేల ఇసుకగా మారుతుంది. సరుగుడు తోపులు, జీడిమామిడి చెట్లు, మొగలి పొదలు కనబడడం మొదలవుతాయి. ఆ ప్రాంతంలోని పక్కదారుల్లో ఒకదాని మీద చిన్న కల్వర్టు ఉంది. 2013వ సంవత్సరంలో నేను ఆ కల్వర్టు దగ్గర నిలబడి, ఒకే దారిని ఆరు ఋతువుల్లో ఆరు తైలవర్ణ చిత్రాలుగా వేయాలని సంకల్పించాను. ఆ పని అనుకున్నట్టు సాగలేదు. ఎందుకు సాగలేదో తరువాత మనవి చేస్తాను. ముందుగా, ఋతువును రంగుల్లో పట్టుకోవడమంటే ఏమిటో, అందులో ఆరుబయట చేయవలసిన పని ఎంతో, ఇంట్లో కూర్చుని చేయవలసిన పని ఎంతో నాకు తెలిసినంతలో చెప్పడానికి ప్రయత్నిస్తాను.

నేను వృత్తిరీత్యా చిత్రకారుణ్ణి కాను. బడిలో తెలుగు, ఒడియా రెండు భాషలూ చెప్పే ఉపాధ్యాయుణ్ణి. అయితే ఏటా కొత్తగా వచ్చిన పిల్లలకు ఒక పని అప్పజెప్పడం నాకు అలవాటు. ఆరు ఋతువుల పేర్లు రెండు భాషల్లోనూ దాదాపు ఒకటే కదా, ఏదో ఒక ఋతువును ఎంచుకుని బొమ్మ వేసి తీసుకురండి అంటాను. వానకాలం అంటే గొడుగు వేస్తారు. ఎండాకాలం అంటే పసుపుపచ్చని సూర్యుడు, ఆకు లేని చెట్టు. వసంతం అంటే కోయిల. ఇవన్నీ ఋతువుకు గుర్తులే గాని ఋతువు కావు. ఆ గొడుగు తీసేస్తే అది ఏ కాలమో చెప్పలేం. ఒకసారి ఒక అమ్మాయి లేచి, "మాస్టారూ, ఎండ పసుపుగా ఉంటుందా, తెల్లగా ఉంటుందా?" అని అడిగింది. ఎవరూ నేర్పకుండా ఆ పిల్లకు తట్టిన ఆ ప్రశ్నలోనే చిత్రకళకు సంబంధించిన పెద్ద విషయం ఉంది.

గుర్తులతో ఋతువును చెప్పడం తక్కువ పని అని నా అభిప్రాయం కాదు. రాజస్థానీ, పహాడీ చిత్రకారులు బారామాసా చిత్రాల్లో పన్నెండు మాసాలనూ అలాగే చూపించారు. మేఘం, కొంగల బారు, హోలీ రంగులు, చలిమంట, వాటి నడుమ నాయికానాయకులు. ఐరోపాలో పీటర్ బ్రూగెల్ 1565లో ఋతువుల వరుస ఒకటి చెక్కపలకల మీద తైలవర్ణాలతో వేశాడు. ఆ వరుసలో ఇప్పుడు ఐదు మిగిలి ఉన్నాయి. మంచులో వేటగాళ్లు, గడ్డి కోత, పంట కోత, ఇలా మనుషులు చేసే పనుల ద్వారా ఏ నెలో చెప్పాడు. అయితే ఆ మంచు చిత్రంలో ఆకాశానికి వేసిన ఆకుపచ్చ కలిసిన బూడిదరంగు ఉంది చూడండి, అందులో మనుషులనూ కుక్కలనూ తీసేసినా చలి పోదు. గుర్తుల వెనక వెలుతురు కూడా పట్టుబడిందన్నమాట.

తైలవర్ణాలతో బయటికి వెళ్లడం పూర్వం అంత సులువు కాదు. రంగుపొడిని నూనెలో నూరి, పంది మూత్రాశయపు తిత్తుల్లో కట్టి దాచేవారు. 1841లో జాన్ గోఫ్ రాండ్ అనే అమెరికన్ చిత్రకారుడు నొక్కితే రంగు వచ్చే తగరపు ట్యూబుకు పేటెంటు తీసుకున్నాడు. మనం రోజూ పళ్లు తోముకునే పేస్టు ట్యూబుకు అదే పూర్వరూపం. దాంతో రంగులు సంచిలో వేసుకుని పొలాల్లోకి నడవడం వీలైంది. ట్యూబులు రాకముందే ఆ కష్టానికి సిద్ధపడినవాడు ఇంగ్లండుకు చెందిన జాన్ కాన్‌స్టేబుల్. 1821, 1822 సంవత్సరాల్లో లండన్ దగ్గరి హాంప్‌స్టెడ్‌లో ఆయన కేవలం ఆకాశాన్నీ మబ్బులనూ చిన్న చిన్న తైలవర్ణ చిత్రాలుగా వేశాడు. చాలావాటి వెనక తేదీ, వేళ, గాలి ఏ దిక్కునుంచి వీస్తున్నదీ రాసుకున్నాడు. పెద్ద చిత్రాలు మాత్రం ఆ నమూనాల సాయంతో ఇంట్లో వేసేవాడు. బయటి పని, లోపలి పని రెండూ ఎలా కలవాలో నేను మొట్టమొదట తెలుసుకున్నది ఆయన గురించి చదివే.

ఆ తరువాత క్లాడ్ మోనే. 1890, 91 సంవత్సరాల్లో ఫ్రాన్సులోని జివెర్ని గ్రామంలో తన ఇంటి పక్క పొలంలోని గడ్డివాములను ఆయన సుమారు పాతిక చిత్రాలుగా వేశాడు. గడ్డివాము ఆకు రాల్చదు, చిగురు వేయదు. అయినా వేసవి చివరిది, మంచు పడినప్పటిది, పొద్దుగూకే వేళది అని ఏ చిత్రానికి ఆ చిత్రం వేరుగా తెలిసిపోతుంది. వెలుతురు మారగానే ఒక కాన్వాసు తీసి మరొకటి పెట్టుకునేవాడు. ఇంతా చేసి ఆయన కూడా వాటిని ఇంటికి తెచ్చి, పక్కపక్కన పెట్టుకుని సరిదిద్దుకున్నవాడే.

మన రాజమండ్రి చిత్రకారుడు దామెర్ల రామారావుగారు కూడా ప్రకృతి దృశ్యాలు వేశారు. 1897లో పుట్టి, 1925లోనే, ఇరవై ఎనిమిదేళ్లయినా నిండకుండా పోయారు. రాజమండ్రిలో ఆయన పేర ఉన్న చిత్రశాలకు వెళ్లినవారికి గోదావరి ప్రాంతపు గాలిలోని తడి ఎలాంటిదో ఆ చిత్రాల్లో కనిపిస్తుంది.

ఇక అసలు సంగతికి వద్దాం. ఋతువు మారినప్పుడు దృశ్యంలో ఏమేమి మారుతుంది? ఆకులు, పూలు అని వెంటనే అంటాం. అవి చివర మారేవి. మొదట మారేది సూర్యుడి ఎత్తు. తరువాత గాలిలోని తేమ, దుమ్ము. ఆ తరువాత నేల పైకి చిమ్మే వెలుగు. మా బరంపురం ఉన్న అక్షాంశంలో మే నెల మధ్యలో ఒకసారి, జూలై చివర్లో మరొకసారి మధ్యాహ్నం పూట సూర్యుడు దాదాపు నడినెత్తి మీద ఉంటాడు. డిసెంబరు చివరి వారంలో మిట్టమధ్యాహ్నమైనా 47 డిగ్రీల ఎత్తు దాటడు. అంటే మే నెలలో పది అడుగుల చెట్టు నీడ దాని మొదట్లోనే ముడుచుకుని ఉంటే, డిసెంబరులో అదే చెట్టుకు మధ్యాహ్నం కూడా తొమ్మిది అడుగుల పైచిలుకు నీడ ఉంటుంది. ఈ ఒక్క లెక్క తెలియకుండా వేసిన హేమంతం చిత్రంలో ఎన్ని చేమంతులు పెట్టినా అది హేమంతం కాదు.

నేను ఆ కల్వర్టు దారిని ఎంచుకోవడానికి కారణం ఇదే. అక్కడ ఎక్కువగా ఉన్నది సరుగుడు. సరుగుడు చెట్టు ఋతువు చెప్పదు. ఏడాదంతా అదే సన్నటి ఆకు, అదే మసక పచ్చ. కనుక ఋతువు సంగతి వెలుతురే చెప్పాలి. పక్కన రెండు జీడిమామిడి చెట్లు, ఒక కానుగ మాత్రం ఆకుల ద్వారా కొంత సాయం చేస్తాయి. పిల్లలకు పెట్టే పరీక్ష లాంటిదే నాకు నేను పెట్టుకున్నాననుకోండి.

బయటికి తీసుకువెళ్లే సామాను సంగతి రెండు మాటల్లో చెబుతాను. రంగులు ఆరు చాలు: టైటానియం వైట్, లెమన్ ఎల్లో, ఎల్లో ఓకర్, బర్న్‌ట్ సియెన్నా, అలిజరిన్ క్రిమ్సన్, అల్ట్రామెరీన్ బ్లూ. నలుపు కొననక్కరలేదు. అల్ట్రామెరీన్‌లో బర్న్‌ట్ సియెన్నా కలిపితే నలుపుకు దగ్గరగా వస్తుంది, తెలుపు చేర్చితే వెచ్చనివీ చల్లనివీ ఎన్నో బూడిదరంగులు వస్తాయి. ఆకుపచ్చ ట్యూబు కూడా తీసుకువెళ్లకపోవడమే మేలు. ఎనిమిది అంగుళాలు, పది అంగుళాల అట్టలకు తెల్లపూత వేసి ఉంచుకోవాలి. నడిచి వెళ్లే చోటికి పెద్ద కాన్వాసు మోయడం దండగ. గాలికి అది తెరచాప అవుతుంది. గొడుగు తెల్లదో నల్లదో ఉండాలి. ఒకసారి మా ఇంట్లో చేతికందిన ఎర్ర గొడుగు పట్టుకుపోయి రెండు గంటలు చిత్రం వేశాను. ఇంటికొచ్చి చూస్తే ఇసుక అంతా ఆకుపచ్చగా ఉంది. గొడుగు ఎరుపు నా అట్ట మీదా, రంగుల పలక మీదా పడుతుంటే, దాన్ని సరిచేయడానికి నా కన్ను ఎదురు రంగు కలుపుతూ పోయింది.

కూర్చున్నాక గంటన్నర, మహా అయితే రెండు గంటలు. భూమి తిరుగుడుకు సూర్యుడు గంటకు పదిహేను డిగ్రీలు జరుగుతాడు. రెండు గంటల్లో నీడలు మరోచోట ఉంటాయి. మొదట వేసుకున్న నీడను వదిలిపెట్టి కొత్త నీడ వెంట పడితే, ఒకే చెట్టుకు ఇద్దరు సూర్యుళ్లు తయారవుతారు. అందుకని మొదటి పది నిమిషాల్లోనే నీడల హద్దులు గీసుకుని, ఇక వాటిని కదపకూడదు. ఆకులు, కొమ్మలు గీస్తూ కూర్చోకుండా కళ్లు సగం మూసి చూడాలి. అప్పుడు దృశ్యం నాలుగైదు ముక్కలుగా కనబడుతుంది: ఆకాశం, దూరపు కొండ, చెట్ల గుంపు, దారి, నీడ. ఈ ఐదింటిలో ఏది ఎక్కువ వెలుగు, ఏది తక్కువ అన్నది ముందు తేలాలి. రంగు తరువాత. బయట చేయవలసిన అసలు పని అంతే. మిగతాదంతా ఇంట్లో చేసుకోవచ్చు గాని, ఈ ఐదింటి సంబంధం మాత్రం ఇంట్లో ఊహించుకుంటే రాదు.

ఇప్పుడు ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకు జవాబు. మా తీరంలో మే నెల ఎండ తెల్లగా ఉంటుంది. గాలిలో తేమ, దుమ్ము కలిసి దూరపు కొండలను దాదాపు తుడిచేస్తాయి. ఆకాశం పైన లేతనీలం, కింద దిగంతం దగ్గర పాలిపోయి ఉంటుంది. రంగులన్నీ వెలిసినట్టుంటాయి. పసుపు రంగు దట్టంగా పూస్తే ఎండ రాదు, పసుపు గోడ వస్తుంది. ఎండ తీవ్రత చెప్పవలసింది నీడ. ఇసుక మీద పడి పైకి చిమ్మే వెలుగు వల్ల చెట్టు అడుగుభాగం కూడా వెచ్చగా మెరుస్తుంది. చెట్టు కింది నీడలో, పైకి తిరిగిన చోట ఆకాశపు నీలం, నేలవైపు తిరిగిన చోట ఇసుక ఓకర్ రంగు. ఈ రెండూ ఒకే నీడలో పట్టుకుంటే చూసేవాడి నుదుటి మీద చెమట పడుతుంది.

ఆషాఢ శ్రావణాలు వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. మబ్బు కమ్మితే నీడలు ఉండవు, కాని రంగులు చిక్కనవుతాయి. చెట్ల మానులు తడిసి నల్లబడతాయి, ఇసుక తడిసి చామనఛాయకు వస్తుంది, ఆ నలుపు పక్కన ఆకుపచ్చ మండినట్టు ఉంటుంది. చాలామంది బోల్తాపడేది ఇక్కడే. ట్యూబులోంచి ఆకుపచ్చ తీసి పూసేస్తారు. వరినారు పచ్చ వేరు, ఊడ్చిన పొలం పచ్చ వేరు, సరుగుడు పచ్చ అయితే సగం బూడిద. నేను అట్ట మీద ముందుగా బర్న్‌ట్ సియెన్నాను టర్పెంటైన్‌లో పలచగా కలిపి పూస్తాను. ఆ ఎర్రమట్టి రంగు అక్కడక్కడ సందుల్లోంచి కనబడుతుంటే పైన వేసిన పచ్చలకు ప్రాణం వస్తుంది. ఆ రోజుల్లోనే దారి పక్క మొగలి పూస్తుంది. గంజాం జిల్లా మొగలి అత్తరుకు పెట్టింది పేరు. ఆ వాసనకు తలెత్తి చూడనివాడు ఉండడు. దాన్ని వేయడానికి మాత్రం ఏ ట్యూబూ లేదు.

శరత్తులో గాలి కడిగినట్టు ఉంటుంది. వానలో కనబడని కొండలు దగ్గరికి జరిగినట్టు తోస్తాయి. రెల్లుపూలు తెల్లన అంటాం, నిజమే గాని, వాటి నీడవైపు చూస్తే ఊదా కలిసిన బూడిదరంగు. హేమంతంలో వరి పండి ఓకర్ రంగుకు వస్తుంది, ఉదయపు మంచు పొలం మీద తెల్లటి గీతలా నిలుస్తుంది. శిశిరంలో ఎండ ఏటవాలుగా, తేనె రంగులో. వసంతంలో మామిడి, జీడిమామిడి చిగుళ్లు ఆకుపచ్చ కావు, రాగి రంగు. ఈ నాలుగింటినీ త్వరగా చెప్పేశాను, మీరే వెళ్లి చూసుకుంటారని.

బయట కూర్చుంటే ఇంకో లాభం ఉంది. ఉచితంగా విమర్శకులు దొరుకుతారు. ఒకసారి గోపాల్‌పూర్ ఒడ్డున సముద్రం వేసి, ఇంట్లో దానికి మెరుగులు దిద్ది, మళ్లీ అక్కడికే తీసుకువెళ్లి సరిచూసుకుంటున్నాను. మన తెలుగు జాలరి పెద్దాయన ఒకరు వల భుజాన వేసుకుని వచ్చి నిలబడ్డాడు. "ఏ నెలండీ మాస్టారూ ఇది?" అన్నాడు. కార్తీకం అన్నాను. కాసేపు చూసి, "ఆకాశం కార్తీకమే గాని, అలలు ఆషాఢంలో లాగున్నాయేటండి?" అన్నాడు. నిజమే. ఇంట్లో అలలు మరీ చిన్నవిగా ఉన్నాయనిపించి, జూలైలో వేసుకున్న మరో అట్ట చూసి ఎత్తు పెంచాను. ఆయన చదువుకోలేదు, చిత్రకళ మాట వినలేదు. కాని ఏ గాలికి ఏ అల లేస్తుందో ఆయన బతుకే అది.

ఇప్పుడు ఇంటిలోపలి పని. నేను స్టూడియో అని గొప్పగా చెప్పుకునేది మా మేడమీది గది. దానికి ఉత్తరం వైపు కిటికీ ఉంది. ఉత్తరపు వెలుతురు రోజంతా పెద్దగా మారదు, ఎండ నేరుగా కాన్వాసు మీద పడదు. బయట వేసిన అట్టను పక్కన నిలబెట్టి, దాని మీద గళ్లు గీసిన పారదర్శకపు కాగితం పెట్టి, అదే లెక్కన పెద్ద కాన్వాసు మీద గళ్లు గీసుకుంటాను. ఫోటో కూడా తీసుకుంటాను గాని దాన్ని కొమ్మల వంపుల కోసమే చూస్తాను. ఎండలో తీసిన ఫోటోలో నీడలు నల్లగా మాడిపోతాయి, లేదా ఆకాశం తెల్లగా ఎగిరిపోతుంది. మన కన్ను రెండింటినీ ఒకేసారి చూస్తుంది.

తైలవర్ణం ఆరడం నీళ్లు ఆరినట్టు కాదు. అవిసె నూనె గాలిలోని ప్రాణవాయువును పీల్చుకుని గట్టిపడుతుంది. అందువల్ల అడుగు పూతలు పలచగా, టర్పెంటైన్ ఎక్కువగా ఉండాలి. పైకి వెళ్లిన కొద్దీ నూనె పాలు పెరగాలి. తలకిందులు చేస్తే, అడుగుపూత ఇంకా ఆరుతూ కదులుతుంటే పైపూత బిగిసి, కొన్నేళ్లకు చిత్రం చెరువు అడుగులా నెర్రెలు విచ్చుతుంది. బర్న్‌ట్ అంబర్ లాంటి మట్టిరంగులు త్వరగా ఆరతాయి, అలిజరిన్ నెమ్మది. వార్నిష్ పూయడానికి ఆరు నెలలు, రంగు మందంగా ఉంటే ఏడాది ఆగాలి. మా తీరంలో వానకాలం ఇంకో బెడద, కాన్వాసు వెనక బూజు. గోడకు ఆనించకుండా గాలి ఆడేలా పెట్టాలి. బీరువాలో చీకట్లో దాచితే నూనె పసుపెక్కుతుంది. వెలుతురులో పెడితే చాలావరకు తేరుకుంటుంది.

ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాలి. అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండలు చుట్టి మూల పడేయకండి. అది ఆరుతున్నప్పుడు వేడి పుడుతుంది. ఆ వేడి బయటికి పోయే దారి లేక గుడ్డలు వాటంతటవే అంటుకున్న సంఘటనలు ఉన్నాయి. నీళ్లు పోసిన రేకు డబ్బాలో వేసి మూత పెట్టండి. టర్పెంటైన్ వాడేటప్పుడు కిటికీలు తీసి ఉంచండి. పిల్లలున్న ఇంట్లో ఇంకా జాగ్రత్త.

ఇక 2013లో జరిగినది. ఏప్రిల్‌లో వసంతం, మే చివర గ్రీష్మం, జూలై ఆఖరున వర్ష ఋతువు, మూడింటికీ అట్టలు బయట వేసి, పెద్ద చిత్రాలు మేడమీద మొదలుపెట్టాను. కాన్‌స్టేబుల్‌ను అనుసరించి ప్రతి అట్ట వెనకా తేదీ, వేళ, గాలి, ఏ రంగులో ఏది ఎంత కలిపానో రాసుకున్నాను. శరత్తు కోసం దసరా సెలవులు అట్టిపెట్టుకున్నాను. అక్టోబరు 12, దుర్గాష్టమి. ఆ రాత్రి గోపాల్‌పూర్ దగ్గర ఫైలిన్ తుఫాను తీరం దాటింది. గంటకు 200 కిలోమీటర్లు మించిన గాలి. ముందుగానే లక్షలాది జనాన్ని సురక్షిత ప్రాంతాలకు తరలించారు గనుక ప్రాణనష్టం చాలావరకు తప్పింది. చెట్లను ఎవరు తరలిస్తారు?

మా మేడమీది కిటికీ రెక్క ఊడిపోయి, వర్ష ఋతువు చిత్రం నిజంగానే వర్షంలో నానింది. కాన్వాసు జారిపోయి, మూలన తెల్లపూత పెచ్చులూడింది. అట్టలు మాత్రం ఇనప ట్రంకుపెట్టెలో ఉండి బతికాయి. దారులు తెరిచాక ఆ కల్వర్టు వైపు వెళ్లి చూశాను. సరుగుడు తోపు మొత్తం ఒకే వైపుకు పడి ఉంది. నిలిచిన ఒకటీ అరా చెట్ల ఆకులు ఉప్పుగాలికి మాడి, నిప్పంటుకున్నట్టు గోధుమరంగులో ఉన్నాయి. ఆ రోజు ట్యూబు మూత కూడా తీయలేదు. తిరిగి వచ్చేశాను.

ఇంట్లో కూర్చుని శరత్తును వేద్దామనుకున్నాను. చెట్లు జూలై అట్టలో ఉన్నాయి, శరత్తు ఆకాశం ఎలా ఉంటుందో నాకు తెలుసు, రెండూ కలిపితే సరిపోతుందని. పదిహేను రోజులు సాయంత్రాలన్నీ దాని మీదే పెట్టాను. మా ఆవిడ కాఫీ తెచ్చి, కాసేపు నిలబడి చూసి, "చెట్లు బాగానే ఉన్నాయండీ, కాని పైన ఒక నెల, కింద ఒక నెల ఉన్నట్టుంది" అంది. జాలరి పెద్దాయన చెప్పిన తప్పే, రెండోసారి. జూలైలో మబ్బు కింద చూసిన చెట్లకు శరత్తు నీలం అంటలేదు. ఆ చెట్లను అక్టోబరు వెలుతురులో నేను ఎన్నడూ కూర్చుని చూడలేదు, ఇక చూడబోను. ఆ కాన్వాసును గీకేశాను.

నవంబరు మొదటి వారంలో ఈజిల్ పట్టుకుని మళ్లీ వెళ్లాను. చుట్టుపక్కల వాళ్లు పడిన చెట్ల కొమ్మలు నరికి మోపులు కడుతున్నారు. ఒక ముసలమ్మ గొడ్డలి పక్కన పెట్టి, "ఇంకా ఏటుందని గీస్తన్నారు బాబూ?" అంది. నాకు వెంటనే జవాబు తోచలేదు. అంతకుముందు ఆ కల్వర్టు మీద నిలబడితే సముద్రం వినబడేది తప్ప కనబడేది కాదు. ఇప్పుడు సన్నని నీలిగీతలా కనబడుతోంది. ఏళ్ల తరబడి ఎండ తగలని ఇసుక తెల్లగా వెలిగిపోతోంది. పడిన మానుల నీడలు పొడుగ్గా, ఊదాగా. మాడిన ఆకులకు సియెన్నా, ఆకాశానికి అల్ట్రామెరీన్, ఇసుకకు తెలుపు, ఓకర్. లెమన్ ఎల్లో ఆ రోజు ముట్టుకోనేలేదు. గంటా నలభై నిమిషాల్లో అట్ట అయిపోయింది. ఆరింటిలో నాలుగోది అదే.

ఐదోదాని కోసం నెలాఖరున వెళ్లేసరికి మరో వింత. సరుగుళ్లు లేవలేదు గాని, తల తెగిన కానుగ మొండెం మీద గుత్తులుగా చిగుళ్లు. ఆకులన్నీ ఒక్కసారిగా పోగొట్టుకున్న చెట్టు కాలంతో నిమిత్తం లేకుండా మళ్లీ చిగిర్చడం తుఫాన్ల తరువాత కనబడేదే. కార్తీకం వెళ్లకుండానే చైత్రం. ట్రంకుపెట్టెలోని ఏప్రిల్ అట్ట వెంట తీసుకెళ్లాను. దాని వెనక కానుగ చిగురుకు లెక్క రాసి ఉంది: లెమన్ ఎల్లో ఎక్కువ, ఓకర్ కొంచెం, అల్ట్రామెరీన్ కుంచె కొనంత. అదే పాళ్లలో కలిపి పెట్టాను. నప్పలేదు, అరువు తెచ్చినట్టు ఉంది. ఏప్రిల్‌లో ఆ చిగురు మీద పడింది ఎత్తయిన సూర్యుడి తెల్ల వెలుగు. ఇప్పుడు పడుతున్నది వాలు ఎండ. అలిజరిన్ రవ్వంత చేర్చి, పసుపు కాస్త తగ్గించాక గాని ఆ చిగురు ఆ మొండెం మీద కూర్చోలేదు. అట్ట వెనక కొత్త లెక్క రాశాను. నవంబరు 30, ఉదయం 8.20, ఈశాన్యపు గాలి.

ఆరు చిత్రాలూ ఇప్పుడు మా ఇంటి వసారాలో వరుసగా ఉన్నాయి. మూడింటిలో తోపు ఉంది, మూడింటిలో లేదు. వానలో తడిసిన మూడోదాని మూల పెచ్చు అలాగే వదిలేశాను. ఆ తరువాత ఆ దారి పక్కన మళ్లీ సరుగుడు నాటారు. సరుగుడు త్వరగా ఎదిగే చెట్టు. ఇప్పుడు కల్వర్టు మీద నిలబడితే సముద్రం మళ్లీ వినబడుతుందే గాని కనబడదు. వచ్చే దసరాకు ఒక అట్ట, ఆరు ట్యూబులు సర్దుకుని, ఇన్నేళ్లూ బాకీ పడిన ఆ శరత్తు కోసం వెళ్తున్నాను.